మబ్బులు మాత్రమే మిగిలిన ఆట

పిల్లలూ! మీలో వీడియో గేము ఎప్పుడూ ఆడనివారు చేతులెత్తండి అంటే, లేచే చేతులు కొద్దిగానే ఉంటాయి. ఇచ్ఛాపురం నుంచి కొత్తవలస దాకా ఏ ఊరికి పోయినా, సెలవునాడు ఏదో ఒక అరుగు మీద నలుగురు పిల్లలు ఒక్క ఫోను మీదికి వంగి కూర్చుని ఉంటారు. ఒకరు ఆడుతూ ఉంటే ముగ్గురు సలహాలు చెబుతూ ఉంటారు!

ఇప్పుడొక చిత్రమైన ప్రశ్న. మీరు ఆడే ఆటలో నుంచి శత్రువులను తీసేశామనుకోండి. గోడలు, గోతులు, నాణేలు తీసేశాం. పాయింట్లు చూపే అంకెలు తీసేశాం. చివరికి మీరు నడిపించే బొమ్మను కూడా తీసేశాం. ఇక ఏం మిగులుతుంది? వెనకాల ఉన్న ఆకాశం, అందులో తేలిపోయే నాలుగు మబ్బులు. అంతే.

గెలుపూ లేదు, ఓటమీ లేదు. దీన్ని ఎవరైనా చూస్తారా? చూస్తారు. అలాంటిదొకటి న్యూయార్కు నగరంలోని విట్నీ మ్యూజియము సేకరణలో ఉంది. దాన్ని తయారుచేసినవాడు ఒక కళాకారుడు. కుంచె, రంగులు పట్టే చేతులతో కొందరు ఈనాడు వీడియో గేములను పట్టుకుంటున్నారు. వాటితో ఏం చేస్తున్నారు? ఎందుకు చేస్తున్నారు? అది తెలియాలంటే, ఆట లోపలి బొమ్మ ఎలా తయారవుతుందో ముందు తెలియాలి.

చుక్కల లెక్క

సంక్రాంతి నెలలో మీ ఇంటి ముందు ముగ్గు వేసేటప్పుడు చూడండి. ముందుగా వరుసలు తప్పకుండా చుక్కలు పెడతారు. తరువాతే గీతలు. కంప్యూటరు తెర కూడా చుక్కల ముగ్గు వంటిదే. ఐతే అందులో గీతలు ఉండవు, చుక్కలే ఉంటాయి. ఏ చుక్క వెలగాలి, ఏ చుక్క ఆరి ఉండాలి అని చెబితే చాలు, బొమ్మ వచ్చేస్తుంది. ఈ చుక్కనే పిక్సెల్ అంటారు.

కంప్యూటరుకు బొమ్మలు తెలియవు, అంకెలే తెలుసు. మరి బొమ్మను అంకెలుగా ఎలా మార్చాలి? మన తీరం వైపు ఊళ్ళలో కనిపించే చుట్టిల్లును తీసుకుందాం. అడ్డం 8, నిలువు 8 గళ్ళు గీసి, కొన్నింటిని నలుపు చేద్దాం.

□□□■■□□□
□□■■■■□□
□■■■■■■□
■■■■■■■■
□■□□□□■□
□■□■■□■□
□■□■■□■□
□■□■■□■□

ఒక్కొక్క వరుసలోని గళ్ళకు ఎడమ నుంచి కుడికి 128, 64, 32, 16, 8, 4, 2, 1 అని విలువలు ఇవ్వండి. నల్లగడుల విలువలు మాత్రమే కూడండి. మొదటి వరుసలో నల్లవి 16, 8. కూడితే 24. రెండో వరుసలో 32, 16, 8, 4. కూడితే 60. ఇలా చేస్తూ పోతే 24, 60, 126, 255, 66, 90, 90, 90 అని ఎనిమిది అంకెలు వస్తాయి. ఈ ఎనిమిది అంకెలే మన చుట్టిల్లు! ఇవి ఎవరికి పంపినా, లెక్క తెలిసినవారు అదే ఇంటిని మళ్ళీ గీయగలరు. ఎనిమిది గళ్ళ ఒక్కొక్క వరుస కంప్యూటరు భాషలో ఒక బైటు.

ఇప్పుడు 1978వ సంవత్సరానికి వెళదాం. ఆ ఏడాది జపానులో టైటో కంపెనీకి చెందిన టొమోహిరో నిషికాడో అనే ఇంజనీరు "స్పేస్ ఇన్‌వేడర్స్" అనే ఆట తయారుచేశాడు. ఆకాశం నుంచి శత్రువులు బారులు తీరి దిగివస్తూ ఉంటారు; కిందనుంచి మనం కాల్చాలి. దాని తెర మీద ఉన్నవి 224 × 256, అంటే 57,344 చుక్కలు మాత్రమే. బైటుకు ఎనిమిది చొప్పున చూస్తే 7,168 బైట్లు. మీ ఫోనులో ఒక్క ఫొటో తీసుకునే చోటులో ఇలాంటి తెరలు వందల కొద్దీ పట్టేస్తాయి!

చుక్కలు తక్కువ కనుక ఒక్కొక్క శత్రువును కొద్ది గళ్ళలోనే ఇమిడ్చి, చూడగానే గుర్తుపట్టేటట్టు గీయవలసి వచ్చింది. తెరకు రంగులు కూడా లేవు. తెర మీద రంగు సెల్లోఫేను కాగితపు పట్టీలు అతికించి రంగులు తెప్పించారు!

ఇంకొక తమాషా వినండి. ఆ యంత్రం ఒక్క విడతకు ఒక్క శత్రువునే జరపగలిగేది. శత్రువులు మొత్తం 55 మంది. పెళ్ళి పంక్తిలో 55 విస్తళ్ళకు ఒక్కడే వడ్డిస్తున్నాడనుకోండి. చివరి ఆకు దాకా వెళ్ళి మళ్ళీ మొదటి ఆకు దగ్గరకు రావడానికి చాలాసేపు పడుతుంది. ఐదు ఆకులే ఉంటే చిటికెలో తిరిగి వస్తాడు. అలాగే శత్రువులు చచ్చేకొద్దీ మిగిలినవాళ్ళు వేగంగా కదిలారు. ఆట కష్టమైంది, ఉత్కంఠ పెరిగింది. నిషికాడో దాన్ని సరిచేయకుండా అలాగే ఉంచేశాడు. యంత్రపు చేతకానితనమే ఆటకు అందమైంది!

కొద్దిపాటి గుర్తులతో బొమ్మకు ప్రాణం పోయడం మనవారికి కొత్త విద్య కాదు. సీతంపేట కొండల్లో సవరలు ఎర్రమట్టి అలికిన గోడల మీద తెల్లని వరిపిండితో వేసే బొమ్మలు చూడండి. నాలుగు గీతలు పడితే మనిషి, ఇంకో నాలుగు పడితే నెమలి. ముక్కూ చెవులూ లేకపోయినా వాడు నడుస్తున్నాడో, నాట్యం చేస్తున్నాడో ఇట్టే తెలుస్తుంది. ఏది వదిలేయాలో తెలిసినవాడే ఇలా గీయగలడు.

తెర దిగి గోడకెక్కిన బొమ్మలు

పారిస్ నగరంలో 1998 నుంచి ఒక కళాకారుడు చిత్రమైన పని చేస్తున్నాడు. స్పేస్ ఇన్‌వేడర్స్ ఆటలోని శత్రువులను స్నానాలగదికి వేసే చిన్న టైల్సుతో చేసి, వీధి గోడల మీద అతికిస్తున్నాడు. ఒక్కొక్క టైలు ఒక్కొక్క పిక్సెల్ అన్నమాట. ఆయన తన ముఖం చూపించడు. "ఇన్‌వేడర్" అనే పేరుతోనే లోకానికి తెలుసు. ఇప్పటికి ప్రపంచమంతటా ఎన్నో నగరాల్లో వేలకొద్దీ ఇలాంటి బొమ్మలు వెలిశాయి. మన వారణాసిలో కూడా అతికించాడు.

గోడల సొంతదారులను అడగకుండా అతికించడం వల్ల ఆయనతో పేచీపడినవారూ ఉన్నారు. అది న్యాయమా కాదా అన్నది మీరూ చర్చించుకోవచ్చు. ఐతే ఇందులో గమనించవలసిన సంగతి ఒకటుంది. తెర మీది బొమ్మ కరెంటు పోతే మాయమవుతుంది. టైలు బొమ్మ ఎండకూ వానకూ నిలుస్తుంది. కంటికి క్షణంలో తప్పిపోయే చుక్కను చేత్తో తాకగలిగే వస్తువుగా మార్చాడాయన. అప్పుడుగానీ చాలామందికి పిక్సెల్ అంటే ఏమిటో కంటికి ఆనలేదు.

మబ్బులు ఎలా మిగిలాయి?

ఇక మన మబ్బుల సంగతికి వద్దాం. 1985లో జపానుకు చెందిన నింటెండో కంపెనీ "సూపర్ మారియో బ్రదర్స్" అనే ఆట విడుదల చేసింది. మీసాల మారియో గెంతుతూ, దూకుతూ, నాణేలు ఏరుకుంటూ పరుగెత్తే ఆట అది. 1990లలో మన పట్టణాల్లోనూ టీవీకి తగిలించుకునే ఆట పెట్టెలు దొరికేవి. వాటిలో "క్యాసెట్టు" గుచ్చి ఆడేవారు. మీ అన్నయ్యలను, చిన్నాన్నలను అడిగితే, క్యాసెట్టు పనిచేయకపోతే నోటితో ఊది మళ్ళీ గుచ్చిన కథలు చెబుతారు!

ఆ క్యాసెట్టు విప్పితే లోపల టేపు ఉండదు. చిన్న పలక మీద చిప్పులు ఉంటాయి. మారియో క్యాసెట్టులో ముఖ్యమైనవి రెండు. ఒకదానిలో ఆట నియమాలు, అంటే ప్రోగ్రాము ఉంటుంది. రెండోదానిలో బొమ్మలు ఉంటాయి. బొమ్మలంటే పెద్ద బొమ్మలు కావు. మన చుట్టిల్లు లాగే 8 × 8 గళ్ళ చిన్న పలకలు, మొత్తం 512. ఈ పలకలనే అటూ ఇటూ పేర్చి కొండలు, కోటలు, గొట్టాలు కడతారు. తెర మొత్తానికి అడ్డంగా 32, నిలువుగా 30, వెరసి 960 పలకలు పడతాయి.

జాగా చాలదు కనుక పొదుపు తప్పదు. ఆ ఆటలో ఆకాశంలోని తెల్లని మబ్బు, నేల మీది పచ్చని పొద, రెండూ ఒకే పలకలతో కట్టినవి! రంగు మాత్రమే మార్చారు. కోట్లమంది ఆడారు; అందులో ఎంతమంది గమనించి ఉంటారు?

తోలుబొమ్మలాటలో తెర, తెర మీద ఆడే బొమ్మ వేరువేరు గదా! ఇక్కడా అంతే. వెనుక దృశ్యం ఒక పొర, కదిలే మారియో, శత్రువులు మరొక పొర. వారిని ఆడించే సూత్రధారి ప్రోగ్రాము.

2002లో కోరీ ఆర్కేంజెల్ అనే అమెరికా యువకుడు ఒక మారియో క్యాసెట్టును విప్పాడు. బొమ్మల చిప్పును అలాగే ఉంచాడు. ప్రోగ్రాము చిప్పును మాత్రం ఊడబెరికి, తాను రాసిన ప్రోగ్రాము ఉన్న చిప్పును అతికించాడు. బొమ్మలన్నీ పెట్టెలోనే ఉన్నాయి. కాని కొత్త సూత్రధారి వాటిలో మబ్బులను మాత్రమే రమ్మన్నాడు. క్యాసెట్టు గుచ్చితే నీలాకాశంలో తెల్లని మబ్బులు మెల్లగా సాగిపోతూ ఉంటాయి. ఎంతసేపు చూసినా అంతే. దానికి "సూపర్ మారియో క్లౌడ్స్" అని పేరు పెట్టాడు. ఎలా చేశాడో ఆ పద్ధతినీ, తాను రాసిన ప్రోగ్రామునూ దాచకుండా అందరికీ వెల్లడించాడు.

ఇందులో గొప్ప ఏముంది అని మీరు అడగవచ్చు. అడగవలసిందే. ఆట ఆడేటప్పుడు మన చూపు గోతి మీద, శత్రువు మీద ఉంటుంది. వెనకాల ఎవరో శ్రద్ధగా గీసిన ఆకాశం ఉందని తట్టదు. తక్కినవన్నీ తీసేశాకనే అది కనిపించింది. ఇంకో సంగతి కూడా బయటపడింది. బొమ్మలు అవే ఉన్నా నియమాలు మారితే లోకమే మారిపోయింది. ఆటలో అసలు యజమాని బొమ్మ కాదు, నియమం!

ముక్కాలి పీట, అట్ట గాంధీ

ఇప్పటి ఆటల్లో మనుషులు పలక మీది బొమ్మల్లా కాకుండా అన్ని వైపులకూ తిరుగుతారు. వారి ఒళ్ళంతా త్రిభుజాలతో కట్టినది. త్రిభుజాలే ఎందుకు? ముక్కాలి పీటను ఎగుడుదిగుడు నేల మీద వేసినా ఊగదు. నాలుగు కాళ్ళ పీట ఊగుతుంది. ఏ మూడు బిందువులు తీసుకున్నా వాటి మీదుగా ఒక చదునైన తలం తప్పకుండా పోతుంది. నాలుగో బిందువు ఆ తలంలోనే ఉండాలని లేదు. చదునైన ముక్కకు వెలుగు, నీడ లెక్క కట్టడం కంప్యూటరుకు సులువు. అందుకే చెంప, ముక్కు, చొక్కా మడత, అన్నీ త్రిభుజాలే. వేలకొద్దీ చిన్న త్రిభుజాలు కలిస్తే నునుపుగా కనిపిస్తుంది. కొద్ది త్రిభుజాలే వాడితే చెక్కిన రాయిలా పలకలు పలకలుగా కనిపిస్తుంది.

మనం ఆడించే ఈ మనిషిని ప్రపంచమంతటా ఏమంటారో తెలుసా? "అవతార్". మన అవతారమే! దేవుడు మరో రూపంలో లోకంలోకి దిగినట్టు, ఆడేవాడు మరో రూపంలో ఆటలోకి దిగుతాడని 1980లలో ఈ మాటను వాడుకలోకి తెచ్చారు.

2008లో జోసెఫ్ డెలాప్ అనే అమెరికా కళాకారుడు గాంధీజీ అవతారం ఎత్తాడు. "సెకండ్ లైఫ్" అని వీడియో గేము పద్ధతిలో కంప్యూటరులో కట్టిన ఒక లోకం ఉంది. అందులో గాంధీజీ రూపంతో ఉప్పు సత్యాగ్రహపు నడక మొదలుపెట్టాడు. 1930లో గాంధీజీ 78 మంది అనుచరులతో మార్చి 12న సబర్మతి నుంచి బయలుదేరి, 240 మైళ్ళు నడిచి, ఏప్రిల్ 5న దండి చేరి, మర్నాడు ఉప్పు తీశారు. 240 మైళ్ళంటే సుమారు 385 కిలోమీటర్లు. ఇచ్ఛాపురంలో బయలుదేరితే అన్నవరం దాటిపోయేటంత దూరం! డెలాప్ కూడా సరిగ్గా మార్చి 12 నుంచి ఏప్రిల్ 6 దాకా, 26 రోజులపాటు, అదే 240 మైళ్ళు నడిచాడు.

కంప్యూటరులో నడవడానికి ఏముంది, మీట నొక్కి పట్టుకుంటే సరి అంటారేమో! అదే ఆయన ఒప్పుకోలేదు. నడక యంత్రమైన ట్రెడ్‌మిల్లును కంప్యూటరుకు తగిలించాడు. తాను నిజంగా అడుగు వేస్తేనే తెర మీది గాంధీజీ అడుగు వేస్తాడు. తాను ఆగితే ఆయనా ఆగుతాడు. న్యూయార్కులో ఒక గదిలో, జనం చూస్తుండగా, చెమటోడ్చి ఆ దూరమంతా నడిచాడు.

ఆలోచించండి. ఆటలో మనం రోజుకు ఎన్ని మైళ్ళు పరుగెత్తిస్తామో లెక్కే లేదు. బొటనవేలు తప్ప ఏదీ నొప్పి పుట్టదు. అందుచేత "240 మైళ్ళు" అన్న మాట పాఠంలో చదివినా ఒక అంకెగానే తోస్తుంది. డెలాప్ చేసినది ఒక చిన్న నియమం మార్చడమే: అడుగుకు అడుగు చెల్లించాలి. దానితో ఆ అంకె కాళ్ళకు తెలిసింది. ఐతే ఆయన నడకా, 1930 నాటి నడకా ఒకటే అనడానికి వీల్లేదు. ఆనాటి యాత్రికుల ఎదుట లాఠీ ఉంది, జైలు ఉంది. డెలాప్ ఎదుట అవి లేవు. ఆట చూపగలిగేది ఎంత, చూపలేనిది ఎంత అన్నది కూడా ఈ నడకలోనే తెలుస్తుంది.

ఉప్పు అంటే మన జిల్లాకు పరాయి మాట కాదు. శ్రీకాకుళం జిల్లా నౌపడలో ఉప్పు మడులు ఎప్పటినుంచో ఉన్నాయి. మండుటెండలో మడుల్లో నిలబడి ఉప్పు లాగేవారిని చూసినవారికి, ఉప్పు మీద పన్ను అంటే పేదవాడి మీద ఎంత బరువో వేరే చెప్పనక్కరలేదు.

డెలాప్ అంతటితో ఆగలేదు. ఆ అవతారపు త్రిభుజాల లెక్కను కంప్యూటరు నుంచి బయటకు తీశాడు. మందుల పెట్టెను అతుకులు విప్పి బల్ల మీద పరిస్తే చదునైన అట్టముక్క అవుతుంది గదా! అలాగే అన్ని వైపులా ఉన్న బొమ్మను చదునుగా విప్పి చూపే ప్రోగ్రాములు ఉన్నాయి. వాటి సాయంతో అట్టలు కత్తిరించి, మడిచి, జిగురుతో అతికించి 17 అడుగుల గాంధీ బొమ్మను నిలబెట్టాడు. ఇటలీ శిల్పి మైకెలాంజిలో చెక్కిన ప్రసిద్ధమైన డేవిడ్ విగ్రహం కూడా అంత ఎత్తే. ఐతే అది పాలరాయి, ఇది పార్సిలు అట్ట!

మన దేశంలో

ఈనాడు ఆటలు తయారుచేయడానికి "గేమ్ ఇంజను" అనే సామగ్రి దొరుకుతుంది. పొయ్యి, గిన్నెలు, గరిటెలు అమర్చి ఉన్న వంటిల్లు వంటిదది. వస్తువు కింద పడడం, వెలుగు, నీడ, గోడకు గుద్దుకోవడం, ఇవన్నీ అందులో ముందే అమర్చి ఉంటాయి. ఏం వండాలో మనం తేల్చుకోవాలి. ముంబైకి చెందిన సహేజ్ రహల్ ఈ ఇంజనుతో వింత జీవులను తయారుచేస్తున్నాడు. వాటిని ఎవరూ ఆడించరు. ప్రోగ్రామును అనుసరించి అవే తడబడుతూ నడక నేర్చుకుంటాయి.

అఫ్రా షఫీక్ అనే కళాకారిణి సోవియట్ దేశపు బాలల పుస్తకాలు భారతదేశానికి వచ్చిన కథను ఆధారం చేసుకుని, చూసేవారు తామే దారి ఎంచుకుంటూ సాగే ఆటను రూపొందించింది. ఆ పుస్తకాలు మన తెలుగు ఇళ్ళకూ వచ్చాయి. మన పొరుగున బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావుగారు మాస్కోలో ఉండి ఎన్నో రష్యన్ పుస్తకాలను తెలుగులోకి తెచ్చారు. మీ అమ్మమ్మ ఇంటి అటక మీద వెదికితే ఆనాటి రంగుల బొమ్మల పుస్తకం ఒకటి దొరికినా దొరకవచ్చు.

న్యూయార్కులోని ఆధునిక కళల మ్యూజియము 2012లో ఒకేసారి 14 వీడియో గేములను తన సేకరణలో చేర్చుకుంది. చిత్రాల పక్కన, శిల్పాల పక్కన ఆటలకూ చోటు దొరికింది.

నియమం ఎవరు రాశారు?

ఈ కళాకారులందరూ చేసిన పని ఒక్కటే. ఆటను ఆడడం ఆపి, ఆట లోపలికి చూశారు. ఒకరు చుక్కను టైలుగా మార్చారు. ఒకరు శత్రువులను తీసేశారు. ఒకరు అడుగుకు బరువు పెంచారు.

మీరూ అలా చూడవచ్చు. ఫోనులో ఆట మిమ్మల్ని ఎందుకు అంతసేపు పట్టి ఉంచుతుంది? రోజూ తెరిస్తే బహుమతి, ఒక్కరోజు మానితే నష్టం అని ఉందా? గెలవబోయే సమయానికి డబ్బు కట్టమంటుందా? అవేవీ ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఎవరో కూర్చుని, లెక్క కట్టి రాసిన నియమాలు. నియమాన్ని కనిపెట్టిన పిల్లవాడు ఆటను ఆడతాడు. కనిపెట్టనివాడిని ఆట ఆడిస్తుంది.

చేసి చూడండి

1. లెక్కల నోటుబుక్కులో 8 × 8 గళ్ళు తీసుకోండి. 0, 57, 127, 190, 254, 127, 57, 0. ఒక్కొక్క అంకెను 128, 64, 32, 16, 8, 4, 2, 1 లుగా విడగొట్టి, వరుసగా గళ్ళు నింపండి. ఉదాహరణకు 57 అంటే 32 + 16 + 8 + 1. ఏ బొమ్మ వచ్చింది? చిన్న సూచన: భీమిలి నుంచి బారువ దాకా దాన్ని ఎరగనివారు ఉండరు.

2. మీ ఊరి గుడి గోపురాన్నో, తాటిచెట్టునో, బొబ్బిలి వీణనో ఎనిమిది అంకెల్లోకి మార్చండి. బొమ్మ చూపకుండా అంకెలు మాత్రం స్నేహితునికి ఇచ్చి గీయమనండి. ఎనిమిది గళ్ళు చాలకపోతే పదహారు తీసుకోండి. ఏది వదిలేస్తే కూడా వీణ వీణలాగే ఉంటుందో మీకే తెలుస్తుంది.

3. పులి-మేక ఆటలో ఒక్క నియమం మార్చండి. పులి వెనక్కి నడవకూడదు అనండి, లేదా మేకలు ఒకేసారి రెండు కదలవచ్చు అనండి. పది ఆటలు ఆడి, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో రాసి పెట్టుకోండి. తరువాత నియమం ఎందుకు అలా ఉండేదో అర్థమవుతుంది. బాగుంటే కొత్త నియమాన్నే ఉంచుకోండి. ఆట మీదే గదా!